బాలవ్వ దాచిన పేర్లు

పోయిన దసరాకు ముందు బాలవ్వ చనిపోయింది. చివరి ఏడెనిమిదేళ్లు చేతికర్ర పట్టుకొని, కుంటుతూనే, మంచిర్యాల పద్మశాలి వాడంతా తిరిగింది. శవం చుట్టూ ఆడవాళ్లు చాలామంది ఏడుస్తున్నారు. పిల్లాజెల్లా లేని మనిషికి ఏడ్చేవాళ్లు ఇంతమంది ఎక్కణ్నుంచి వచ్చారని పక్కనున్నాయన నన్ను అడిగాడు. "ఇరుగుపొరుగోళ్లు" అన్నాను. అబద్ధం. ఆ గొంతులు చాలావరకు నాకు తెలుసు. ముఖాలు మాత్రం, ఒక్కటి తప్ప, తెలియవు. ఎందుకు తెలియవో చెప్పాలంటే నా తెలివితక్కువతనం గురించి కూడా చెప్పాలి. చెప్తాను, తొమ్మిదేళ్లుగా లోపల పెట్టుకొని తిరుగుతున్నాను.

నా పేరు రామచంద్రం. ఆదిలాబాదులో ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తాగా ఉండి, హమాలీలకు సంఘం పెట్టినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ని. 1986 ఎండాకాలంలో మంచిర్యాలకు వచ్చి, ఇక్కడ ఎవరికి సంఘం పెట్టాలా అని కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. బొగ్గుబావుల వాళ్లకు సంఘాలు బోలెడు. రైల్వే వాళ్లకూ ఉన్నాయి. ఎవరికీ పట్టనివాళ్లెవరని అడిగితే ఒక కాంపౌండరు చెప్పాడు. ఉన్నవాళ్ల ఇళ్లలో మంచాన పడ్డ ముసలివాళ్లను చూసుకునే ఆడవాళ్లట. కడగడం, తుడవడం, తినిపించడం, పక్క మార్చడం. పండుగ లేదు, ఆదివారం లేదు, పొమ్మన్ననాడు పోవాలి. వాళ్లను ఆ ఇళ్లలో కుదిర్చేది బాలవ్వ అనే ఆమె అన్నాడు.

ఆ సాయంత్రమే వెళ్లాను. గడప బయటే నిలబెట్టింది. యాభై ఏళ్ల మనిషి, సన్నగా, పొడుగ్గా, చేతులు మాత్రం మగవాడి చేతుల్లా ఉన్నాయి.

"మంచం పట్టినోళ్లను చూసుకునే ఆడోళ్ల పేర్లు, ఇండ్ల నంబర్లు ఇస్తే సంఘంల రాసుకుంట అవ్వా" అన్నాను.

"ఈ వాడల గసొంటోళ్లు ఎవలు లేరు. మేం బీడీలు చేసుకునేటోళ్లం."

"కాంపౌండరు చెప్పిండు..."

"వాడు చెప్తే? ఆడోళ్ల పేర్లు అడుక్కుంట వాడ వాడ తిరుగుతున్నవ్, నీకు అవ్వ లేదా, అక్కజెల్లెండ్లు లేరా? పో, మల్ల కనబడకు!"

ఆమె వెనక, లోపల గోడకు వరసగా బీడీ చాటలు ఆనించి ఉన్నాయి. పదికి పైనే. ఇంట్లో ఇంకో మనిషి లేదు. ఇన్ని చాటలకు మనుషులేరని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మళ్లీ వెళ్లాను. మళ్లీ తిట్టింది. ఐదారుసార్లు తిట్టించుకున్నాక అరుగు మీద కూర్చోనిచ్చింది. అదీ పొద్దున పదింటికీ పన్నెండింటికీ మధ్యనే. ఆ వేళలో ఆడవాళ్లెవరూ రారు.

ఆమె కథ కొంచెం కొంచెంగా చెప్పింది. మగడు మగ్గం నేసేవాడు. డెబ్బై ఒకటిలో ఛాతీ జబ్బుతో మంచం పట్టి, ఆరేళ్లు మంచం మీదే ఉన్నాడు. ఆ ఆరేళ్లలో ఆమె అన్నీ నేర్చుకుంది. బరువు మనిషిని దుప్పటితో ఎట్లా జరపాలి, వీపు పుండు పడకుండా ఎన్ని గంటలకు పక్క మార్చాలి, మింగలేని మనిషికి గంజి ఎట్లా పట్టాలి. మగడు పోయిననాడు కాంపౌండరు శవాన్ని తిప్పి చూసి, ఆరేళ్లలో ఒక్క పుండు లేదని ఆశ్చర్యపోయాడట. నెల తిరక్కుండా ఒక షావుకారు ఇంట్లో ముసలమ్మను చూసుకోవడానికి ఆమెనే పిలిపించాడు. వాడలో మాత్రం బీడీలకు పోతున్నానని చెప్పింది.

ఎందుకు చెప్పిందంటే, సొంత మగనికి చేస్తే సేవ, పరాయివాళ్లకు కూలికి చేస్తే మలమూత్రాలు ఎత్తిపోసే పని. ఆ పని చేసిన చేతి నీళ్లు వాడలో ఎవరూ తాగరు. నాకు ఆ మాట విన్నప్పుడల్లా మండేది. వీళ్ల మగ్గాలు మూతబడుతున్నాయి, నూలు దొరకదు, కూలి గిట్టదు, కానీ మర్యాద మాత్రం ఎక్కడా తగ్గకూడదు. బీడీలు చేయడం మర్యాద పని. అందుకని బాలవ్వ వెనకే పనికి కుదిరిన ఆడవాళ్లందరూ పొద్దున చాట చంకన పెట్టుకొని ఆమె ఇంటికి వచ్చి, చాట అక్కడ పెట్టి, పెరటి దారిన రైలు పట్టాల పక్కనుంచి వాళ్ల వాళ్ల ఇళ్లకు పోయేవాళ్లు. సాయంత్రం తిరిగి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కొని, ఫినాయిలు వాసన పోయేదాకా తంబాకు పొడి రుద్దుకునేవాళ్లు. బాలవ్వ ఒక్కొక్కరి అరచేయి వాసన చూసి పంపేది. పదేళ్లలో ఒక్కరు కూడా దొరకలేదు.

"దాక్కున్నోళ్లకు హక్కులెట్ల వస్తయ్ అవ్వా?" అని అడిగాను ఒకరోజు.

"బయటపడ్డోళ్లకు బువ్వెట్ల వస్తది బిడ్డా?"

"మరి సంఘం ఎట్ల పెట్టాలె? పుస్తకంల పేర్లుండాలె గద!"

"పేర్లు కావాల్నంటే నా పేరు రాస్కో. నాకు ముందు వెనక ఎవలు లేరు. పద్నాలుగు సార్లు రాస్కో."

అట్లా పద్నాలుగు మంది అని మాత్రం తెలిసింది. ఆమె నన్ను చూసి నవ్వింది కూడా. "నువ్వు మంచోనివే గని, నీ కాలు ఒక్క కాడ నిలువది. నాకు గదే భయం" అంది. ఆ భయం నిజమైంది.

శ్రావణంలో ఆమె పడింది. సుదర్శన్‌రావు అనే కంట్రాక్టరు ఇంట్లో అతని తండ్రిని చూసుకునేది. క్వింటాలు మనిషి. పొద్దున పన్నెండింటి దాకా ఇంకొకామె, తర్వాత బాలవ్వ, ఇద్దరు వంతులేసుకొని చేసేవాళ్లు. స్నానాల గదిలో ముసలాయన్ను లేపుతుంటే కాలు జారి, ఆయన వచ్చి ఆమె మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. రిక్షాలో వేసి ఇంటికి పంపించారు. డాక్టరు వరంగల్ తీసుకుపోయి ఆపరేషన్ చేయించాలని, లేకపోతే ఇక లేచి నడవదని చెప్పాడు. ఖర్చు అడగడానికి నేను పోతే సుదర్శన్‌రావు చాలా మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు.

"ఆమె మా ఇంట్ల పనిమనిషి కాదండీ. పద్మశాలామె గద, చీరెలు అమ్మనీకి వచ్చింది. తడిల జారింది. పాపం, ఏం చేద్దాం?"

ఊరందరి దగ్గరా పదేళ్లు దాచిన పని. ఇప్పుడు చేశానని చెప్పడానికి ఆమె దగ్గర ఒక్క ఆధారం లేదు. ఆ చాయ్ మధ్యలో వదిలేసి లేబరాఫీసుకు పోయాను.

లేబరాఫీసరు చెడ్డవాడు కాదు. "ఇండ్లల్ల చేసే పనికి కాయిదా లేదు, చట్టంల ఎక్కడ రాయలే. అయినా ఇద్దర్ని పిలిచి మాట్లాడిపిస్త. గని రెండు కావాలె. నీ సంఘంల మనుషులున్నరని పుస్తకం, ఆమె అక్కడ పని చేసిందని చెప్పనీకి ఒక్క సాక్షి" అన్నాడు.

బాలవ్వ తన పేరు అర్జీ మీద పెట్టడానికి వెంటనే ఒప్పుకుంది, ఇంకొకామెతో వంతులేసుకొని చేశానని కూడా రాయించింది. దాంతో వాడలో ఆమె సంగతి బయటపడింది, ఆమె దగ్గర బీడీలు చేసే మిగతా ఆడవాళ్ల మీద గుసగుసలు కూడా మొదలయ్యాయి. రెండో వంతు చేసినామె ఎవరని అడిగితే మాత్రం పెదవి విప్పలేదు. రోజూ వెళ్లి ప్రాణం తీశాను. పదో రోజున, మంచం మీద కదల్లేక పళ్లు కొరుకుతూ, పద్నాలుగు మంది పేర్లు, ఇళ్లు చెప్పి రాయించింది.

"ఇది నీ పుస్తకానికి. గీళ్లల్ల ఎవలు నాతోని చేసిండ్రో నేను చెప్ప. చెప్పాల్నంటే ఆమెనే చెప్తది. మందలియ్యనీకి, ఎట్లున్ననో చూసిపోనీకి వస్తరు గద, అప్పుడు నేనే అడుగుత. నువ్వు మాత్రం ఎవలి గడప తొక్కద్దు. నా మీద ఒట్టెయ్యి."

వేశాను. ఒక వారం ఆగాను. ఎవరూ ముందుకు రాలేదు. వాడలో గుసగుసలు ఉన్నప్పుడు ఎవరొస్తారు? రోజూ ఆమె మంచం కోడు పట్టుకొని మూలుగుతూ పక్కకు ఒరగడం చూస్తుంటే నాకు నిద్ర పట్టేది కాదు. గడప తొక్కనన్నాను, సరే, ఉత్తరం రాస్తే తొక్కినట్లు కాదు కదా! పద్నాలుగు పోస్టుకార్డులు కొన్నాను. "ఇండ్లలో రోగుల సేవ చేసే కార్మికుల సంఘం సభ్యురాలికి నమస్కారం. సాటి కార్మికురాలికి జరిగిన అన్యాయంలో సాక్ష్యం చెప్పడం మన బాధ్యత. రండి." కింద ఎర్ర ముద్ర కొట్టి, స్టేషన్ డబ్బాలో వేసి, ఆ రోజు హాయిగా భోంచేశాను. ఆ భోజనం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యమేస్తుంది.

ఆ వాడలో చదువొచ్చినవాళ్లు తక్కువ. పోస్టుమాన్ హనుమండ్లు మంచివాడు, ఇరవై ఏళ్లుగా ఎవరి కార్డు వాళ్ల వాకిట్లో నిలబడి గట్టిగా చదివి వినిపిస్తాడు. శనివారం మధ్యాహ్నం మొదటి కార్డు లస్మవ్వ ఇంటిది. ఆమె మగడు మగ్గాల షెడ్డులో ఉంటే అక్కడికే పోయి, పదిమంది మగవాళ్ల ముందు "లస్మవ్వకు కార్డు" అని మొదలుపెట్టి చివరిదాకా చదివాడు. చదివాక షెడ్డులో మగ్గాలన్నీ ఆగిపోయాయట. మగడు లేచి ఇంటికి పోయి ఆమె నీళ్ల కుండ వాకిట్లో వేసి పగలగొట్టాడు. హనుమండ్లు భయపడ్డాడు. మిగతా పదమూడు కార్డులు సంచిలోనే ఉంచుకొని సరాసరి బాలవ్వ దగ్గరికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఏందవ్వా ఇవి? ఇయ్యకుంట ఆపుడు నా చేతుల లేదు, సర్కారు టపా. రేపు ఆదివారం. సోమారం పొద్దుగాల ఇయ్యాల్సిందే" అన్నాడు.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"గడప తొక్కద్దన్న గద బిడ్డా."

"తొక్కలేదవ్వా. కార్డు రాసిన."

"నీ కార్డు తొక్కింది గద!"

నేల మీద కూలబడి ఏడ్చాను. సోమవారం పదమూడు ఇళ్లలో పదమూడు కుండలు పగులుతాయి. ఆమె హనుమండ్లును అడిగింది. "ఇంక కార్డులు వేస్తే సోమారం నాడే వస్తయా?"

"రేపు మాపటిల్లి, చీకటి పడకముందు, స్టేషన్ డబ్బాల వేస్తే వస్తయ్."

"అయితే వాడల ప్రతి ఇంటికి రాయి రామచంద్రం. ప్రతి ఆడిదానికి. గదే ముచ్చట, గదే ముద్ర."

ఆదివారం పొద్దున స్టేషన్ ముందున్న కొట్టులో కార్డులన్నీ కొనుక్కొచ్చి కూర్చున్నాను. ఆమె పడుకొనే ఒక్కొక్క ఇంటి పేరు, ఆ ఇంటి ఆడవాళ్ల పేరు చెప్తుంది, నేను రాస్తాను. ఒక్క ఇల్లు మరిచిపోలేదు. నూట డెబ్బై చిల్లర కార్డులు, వేళ్లు వాచిపోయాయి. వాడ పెద్ద భూమన్న ఇంటికి వచ్చేసరికి ఆగాను.

"భూమన్న పెండ్లాంకు గూడనా?"

"ఆమెకు ముద్ర జర మంచిగ పడేటట్టు కొట్టు" అంది. ఆ నొప్పిలో కూడా ఆమె మూతి నవ్వును ఆపలేకపోయింది.

సోమవారం ఆ వాడ గోల చెప్పలేను. ఇంటింటికీ అదే కార్డు. ఎనభై ఏళ్ల కళ్లు కనపడని ముసలమ్మకు ఒకటి, నిన్నగాక మొన్న కాపురానికి వచ్చిన కోడలికి ఒకటి, భూమన్న పెండ్లానికి ఒకటి. ఆమె ఆ కార్డు పట్టుకొని వాడ మధ్యలో నిలబడి నా వంశాన్నంతా తిట్టింది. పొద్దున అనుమానపడ్డవాళ్లు మధ్యాహ్నానికి నవ్వడం మొదలుపెట్టారు, సాయంత్రానికి నన్ను పట్టుకొచ్చారు. మగ్గాల షెడ్డు ముందు భూమన్న కుర్చీలో కూర్చున్నాడు.

"మా వాడ ఆడోళ్లు నీకెట్ల కనబడ్డరు? ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఎవలు చెప్పలే. ఓటర్ల లిస్టు చూసి రాసిన. బాలవ్వ చేసింది గద, అందరు చేస్తరనుకున్న. తప్పయింది."

"అయితే మా వాడల గా పని చేసేటోళ్లు ఎంతమంది?"

పన్నెండేళ్లుగా ఎక్కడికి పోయినా, ఇక్కడ కార్మికులున్నారు, చూడండి అని అరవడమే నా పని.

"బాలవ్వ తప్ప ఒక్కలు గూడ లేరు" అన్నాను.

చెవులు పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. లస్మవ్వ మగడు కూడా ఆ గుంపులో ఉన్నాడు, తల దించుకొని ఉన్నాడు. మర్నాడు కొత్త కుండ కొనుక్కొచ్చాడని తర్వాత విన్నాను.

కానీ ఆ మాట అక్కడితో ఆగలేదు. సుదర్శన్‌రావు మనిషి దాన్ని లేబరాఫీసు దాకా చేరవేశాడు. "నీ అర్జీల ఇద్దరున్నరు, నీ నోట్ల ఒక్కలే ఉన్నరు. నేనేది నమ్మాలె?" అని ఆఫీసరు విసుక్కున్నాడు. వచ్చే నెల పదో తారీకు ఆఖరి గడువన్నాడు. ఆ లోపు సాక్షి రాకపోతే కాగితం మూసేస్తానన్నాడు.

ఈ సంగతి బాలవ్వకు చెప్పడానికి వెళ్లిన రోజు లోపల ఎవరో ఆమెకు ఒళ్లు తుడుస్తున్నారు. నేను గడప దగ్గర ఆగాను.

"లోపటికి రా. వచ్చి గోడ దిక్కు తిరుగు. పేర్లు తెలుసు నీకు, మొఖాలు తెల్వద్దు" అంది.

తిరిగాను. సున్నం రాలిన గోడ, నా ముక్కుకు జానెడు దూరంలో. వెనక గిన్నె చప్పుడు, తడిగుడ్డ పిండిన చప్పుడు. ఆడవాళ్లు వంతులేసుకొని ఆమెకు చేస్తున్నారు. రోగిని పలకరించడానికి పోతున్నామంటే ఏ మగవాడూ ఆపడు, సొంత వాడ మనిషికి చేస్తే మైల కూడా లేదు. పది రోజుల్లో అది అలవాటైపోయింది. నేను వస్తాను, గోడకు ముఖం పెట్టి కూర్చుంటాను, వెనక ముగ్గురో నలుగురో చేరతారు. వారానికి ఒక రోజు సెలవెట్లా అడగాలి, చెప్పకుండా మాన్పిస్తే ఏం చేయాలి, బరువెత్తేచోట ఇద్దరు ఉండాలని ముందే ఎట్లా ఒప్పించుకోవాలి, అన్నీ గోడకు చెప్పేవాణ్ని. వెనక నుంచి ప్రశ్నలు వచ్చేవి. ఒక గొంతు బొంగురుది, ఒక గొంతు ప్రతి మాటకూ నవ్వేది. జీవితంలో నేను పెట్టిన మీటింగుల్లో అంత శ్రద్ధగా విన్నవాళ్లను చూడలేదు. అసలు చూడనే లేదు.

సాక్షి సంగతి మాత్రం ఎత్తకూడదని బాలవ్వ ముందే కట్టడి చేసింది. "అడిగితె ఒత్తిడైతది. నా తుంటి కోసం ఇంకొకల కాపురం కూలద్దు." తొమ్మిదో తారీకు వచ్చింది. మధ్యాహ్నం వెళ్లి గోడకు తిరిగి కూర్చున్నాను. రేపు పది. లేచి వాళ్లందరి మీదా అరవాలనిపించింది, ఈమె లేవకుండా పోతుంది, మీకు పట్టదా అని. మోకాళ్లు గట్టిగా పట్టుకొని కూర్చున్నాను. వెనక ఒక్కతే ఉన్నట్లుంది. బాలవ్వకు పక్క మార్చింది. దుప్పటి ముడతలు సరిచేసింది.

"రేపు ఎన్ని గంటలకు అన్నా ఆఫీసు?" అని అడిగింది.

నేను ఇంతకుముందు వినని గొంతు. ఈ పది రోజుల్లో ఒక్కసారీ నోరు విప్పని మనిషి.

"పదకొండింటికి."

"వస్త. పొద్దటి వంతు నాదే ఉండె. ముసలాయన మందులన్ని చెప్త, ఏ అలమరల ఏమున్నదో చెప్త. సుదర్శన్‌రావు ముందట్నే చెప్త."

"వద్దు బిడ్డా" అంది బాలవ్వ. "మల్ల కుండ పలుగగొడ్తడు. మొన్ననే అంత బాధ పడ్డవ్ గద."

"పొద్దుగాల మా ఇంటాయనకు నేనే చెప్పిన పెద్దమ్మా. ముంగట కూసుండబెట్టుకొని చెప్పిన. కొడ్తే కొట్టె. ఇగ పోస్టుమాను చదివి చెప్పే పని లేదు."

నేను గోడకేసి చూస్తూనే ఉన్నాను, కళ్లు మసకబడుతున్నాయి.

"ఇటు తిరుగు అన్నా. పేరు రాస్కో."

తిరిగాను. ముప్పై ఏళ్లు కూడా లేవు ఆమెకు. ఎడమ చెంప వాచి, కన్ను సగం మూసుకుపోయి ఉంది. పక్కన మంచం మీద బాలవ్వ ముఖానికి దుప్పటి కప్పుకొని వెక్కి వెక్కి ఏడుస్తోంది. పుస్తకం తీశాను. ఆ పేరు నా దగ్గర ముందే రాసి ఉంది, అయినా ఆమె చెప్పేదాకా ఆగాను.

"లస్మవ్వ" అని చెప్పింది.